చుక్కలు లెక్కపెట్టిన నగరం

కానిపనికి పూనుకొన్నవానిని చూచి “ఆకాశంలో చుక్కలు లెక్కపెట్టినట్లున్నది” అని ఎగతాళి చేయడం మన తెలుగువారి వాడుక. సరిగా ఆ పనినే నెలజీతం పుచ్చుకొని, రాత్రులు మేలుకొని, పగళ్లు లెక్కలు కట్టి, ఇరవై నాలుగేండ్లపాటు సాగించినవారు మన హైదరాబాదులోనే ఉండేవారు. 1914 మొదలు 1938 వరకు బేగంపేటలోని నిజామియా వేధశాలలో ఆకాశాన్ని ఫొటో పలకలపై పట్టి, ఒక్కొక్క చుక్క ఉన్న చోటును సూక్ష్మంగా కొలిచి, ఆ కొలతలను పన్నెండు సంపుటాలుగా అచ్చువేశారు. వాటిలో ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రస్థానాలు నమోదైనవి. సామెత ఓడిపోయింది; ఓర్పు గెలిచింది.

ఆ బేగంపేటకు పడమట పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో నేడు హైటెక్ సిటీ ఉన్నది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనం ప్రారంభమయ్యేనాటికి చుట్టుపక్కల రాతిగుట్టలూ, పొదలూ, దుర్గం చెరువూ కనిపించేవి. తరువాత పాతికేండ్లలో కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వరకు అద్దాల మేడలు లేచినవి. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వెలిసి, రాత్రివేళ రంగురంగుల దీపాలతో నీటిలో ప్రతిబింబిస్తున్నది. వేలాది కుటుంబాలకు అన్నం పెట్టిన ఆ వెలుగును నిందించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కాని అక్కడి మేడమీద నిలిచి తలయెత్తి చూచినవానికి చుక్కలు లెక్కపెట్టడం ఇప్పుడు అసాధ్యమైన పని కానేకాదు. చేతివేళ్లు చాలును!

వెలుగు పెరిగినప్పుడు ముందుగా మాయమయ్యేవి మసకగా ఉండేవి. విశ్వంలో అన్నింటికన్నా మసకగా ఉండే సమూహాలను మరుగుజ్జు గెలాక్సీలంటారు. ఇవి మన పొరుగు గెలాక్సీల గుంపులలో వందలకొద్దీ దాగియున్నవి. చీకటికన్నా మసకైన వస్తువును శాస్త్రజ్ఞులు ఎట్లా గుర్తుపడుతున్నారు? ఆ విద్యలో మన హైదరాబాదుకు వాటా ఏమైనా ఉన్నదా? చుక్కలు కనబడని సైబరాబాదు బాలబాలికలకు అందులో చోటు మిగిలియున్నదా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానాలు వెదకుదాము.

బేగంపేట పట్టీ

1901లో హైదరాబాదు ప్రముఖులలో ఒకరైన నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండునుండి పదిహేను అంగుళాల దూరదర్శినిని తెప్పించి, ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాలను నెలకొల్పినారు. ఆయన మరణించిన పిమ్మట 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించి బేగంపేటకు తరలించింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది.

అంతకు ముందే, 1887లో, పారిస్ నగరంలో సమావేశమైన ఖగోళజ్ఞులు ఒక మహాసంకల్పం చేశారు. ప్రపంచంలోని పద్దెనిమిది వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా కోసి పంచుకోవలెను. ఎవరి పట్టీని వారు ఫొటోలు తీసి కొలవవలెను. చివరకు అన్నింటిని కలిపితే ఆకాశపు పటం సిద్ధం కావలెను. చిలీ దేశపు శాంతియాగో వేధశాల తన వాటాను నెరవేర్చలేకపోయినందున, దక్షిణాన 17, 23 డిగ్రీల నడుమనున్న పట్టీ హైదరాబాదు చేతికి వచ్చింది. ఎనిమిది అంగుళాల ఫొటో దూరదర్శినితో ఆ పనిని పూర్తిచేయడమేగాక, ఉత్తరాన 36, 39 డిగ్రీల నడుమనున్న మరొక పట్టీని కూడా మనవారు పుచ్చుకొన్నారు. చాట్‌వుడ్, పోకాక్ అనే ఆంగ్లేయుల తరువాత 1918లో టి. పి. భాస్కరన్ ఆ వేధశాల పగ్గాలు చేపట్టినారు. ఆ ఆవరణ ఛాయలోనే, అక్కడి ఉద్యోగి కుమారుడైన వేణు బప్పు అనే బాలుడు ఆకాశంమీద మక్కువ పెంచుకొన్నాడు. నిజాం కళాశాలలో చదివి, 1949లో హార్వర్డులో ఒక తోకచుక్కను కనుగొని, తరువాత భారత ఖగోళశాస్త్రానికి నడక నేర్పినవాడు ఆ బాలుడే.

దక్షిణపు పట్టీ మన పంచాంగాలలోని హస్తానక్షత్రం మీదుగా పోతుంది. ఆ హస్తకు సమీపంలో రెండు గెలాక్సీలు ఒకదానినొకటి ఢీకొంటూ, కీటకపు మీసాల వంటి రెండు పొడుగు తోకలను ఆకాశంలోకి విసరుతున్నవి. నక్షత్రాల జాబితా రాసేవారికి అటువంటి మసక వస్తువులతో పని లేదు. చుక్కల పని అయిన తరువాతనే మసకల పని మొదలు కావలసియున్నది.

మరుగుజ్జు అనగా ఎంత?

సూర్యుడు, అతనివంటి వేలకోట్ల నక్షత్రాలు కలిసి ఏర్పడిన మహాకుటుంబమే మన పాలపుంత. ఇటువంటి కుటుంబాలే గెలాక్సీలు. ఇవి సాధారణంగా ఒంటరిగా ఉండవు. మన పాలపుంత, 25 లక్షల కాంతిసంవత్సరాల దూరాననున్న దేవయాని గెలాక్సీ, వాటిచుట్టూ తిరిగే చిన్నచిన్న గెలాక్సీలు కలిసి ఒక స్థానిక గుంపు. సప్తర్షిమండలం దిక్కున కోటి ఇరవై లక్షల కాంతిసంవత్సరాల దూరంలో ఎం-81 అనే గెలాక్సీ తన పరివారంతో ఉన్నది. దక్షిణాకాశంలో ఇంచుమించు అంతే దూరంలో ఎన్.జి.సి. 253 అనే గెలాక్సీ గుంపు ఉన్నది. పెద్ద గెలాక్సీ రాజువలె నడుమ ఉంటే, మరుగుజ్జులు పరిజనంవలె చుట్టూ ఉంటవి.

మరుగుజ్జులలోను తరతమాలున్నవి. కొన్నింటిలో కోట్ల నక్షత్రాలున్నవి. మరికొన్నింటిని గెలాక్సీ అనడానికే సంకోచం కలుగుతుంది. 2006 ప్రాంతంలో ఒక సర్వే చిత్రాలలో బయటపడిన ‘సెగూ-1’ అనే దానిని చూడండి. పాలపుంతకు దగ్గరలోనే, 75 వేల కాంతిసంవత్సరాల దూరంలో ఉన్నది. దాని నక్షత్రాలన్నీ కలిసి ఇచ్చే వెలుగు మన సూర్యుని వెలుగుకు సుమారు మూడువందల రెట్లు మాత్రమే. మృగవ్యాధుని భుజంమీద ఎర్రగా మెరిసే ఆర్ద్రా నక్షత్రం ఒక్కటే ఆ గెలాక్సీ మొత్తానికన్నా వందలరెట్లు ఎక్కువ వెలుగునిస్తుంది! మరి దానిని గెలాక్సీ అని ఎందుకనవలె? అందలి నక్షత్రాలు కదిలే వేగాన్ని కొలిచినప్పుడు, కనబడే నక్షత్రాల బరువుతో ఆ వేగానికి పొత్తు కుదరలేదు. కనబడని పదార్థమేదో వాటిని చెదరిపోకుండా పట్టియుంచుతున్నది. కొన్ని లక్షల సూర్యుల బరువుగల ఆ అదృశ్యవస్తువునే కృష్ణపదార్థమంటున్నారు.

ఈ చిన్నవాటికోసం పెద్దలు ఇంత తాపత్రయపడడానికి కారణం ఇదే. కృష్ణపదార్థాన్ని గురించిన సిద్ధాంతం ప్రకారం మొదట చిన్న ముద్దలు ఏర్పడి, అవి కలిసి పెద్దవైనవి. ఈ సిద్ధాంతాన్ని గణకయంత్రాలలో నడిపించి చూచిన రెండు పరిశోధకబృందాలు 1999లో ఒక చిక్కును బయటపెట్టినవి. లెక్క ప్రకారం పాలపుంతవంటి గెలాక్సీ చుట్టూ వందలకొద్దీ చిన్నముద్దలుండవలెను. అప్పటికి తెలిసిన ఉపగెలాక్సీలు పన్నెండుకు మించవు. ఒకటి, సిద్ధాంతం తప్పయియుండవలె. లేదా ఆ ముద్దలలో చాలవాటిలో నక్షత్రాలే వెలగకపోయియుండవలె. లేదా అవి వెలిగినా మన కంటికి అందకపోయియుండవలె. ఈ మూడింటిలో ఏది నిజమో తేల్చడానికి తర్కం చాలదు. వెదకి లెక్కపెట్టవలసినదే. మళ్లీ చుక్కలు లెక్కపెట్టే పనే!

2005 తరువాత జరిగిన సర్వేలలో ఆ లెక్క పెరుగుతూ వచ్చింది. నేడు పాలపుంత చుట్టూ తెలిసినవి యాభైకి మించినవి. అయినా ఒక్క ఇంటిని చూచి ఊరి ఆచారం ఇట్టిదని చెప్పలేము గదా! మన ఇంటి పరివారమే ప్రత్యేకమా, పొరుగిండ్లలోను ఇంతేనా అని తెలియవలెను. అందుకే పరిశోధకుల దృష్టి పొరుగు గుంపుల వైపు మళ్లింది.

చీకటికన్నా మసక

చీకటి రాత్రి అని మనమనుకొనే ఆకాశం నిజానికి పూర్తి చీకటి కాదు. పై వాతావరణంలోని అణువులు తమంత తాము సన్నగా వెలుగుతుంటవి; సౌరమండలంలోని దుమ్ము సూర్యకాంతిని చెదరగొడుతుంది. దీపాలకు దూరమైన ఎడారిలోను, మంచుకొండమీదను కూడా ఈ పలుచని వెలుగు తప్పదు. సాధారణంగా వెదకే మరుగుజ్జు గెలాక్సీ ఒక చదరపు జాగాలో ఇచ్చే వెలుగు, అదే జాగాలో ఆ చీకటి ఆకాశం ఇచ్చే వెలుగులో నూరోవంతు ఉంటుంది. అంటే తెల్లని గోడమీద దానికన్నా నూటికి ఒక్కపాలు తెల్లదనం ఎక్కువైన మరకను వెదకడం వంటిది.

దీనికి పెద్ద దూరదర్శిని ఉంటే చాలుననుకోరాదు. పెద్ద అద్దం మరకను ఎంత పెద్దదిగా చూపిస్తుందో, గోడను కూడా అంత పెద్దదిగానే చూపిస్తుంది. కావలసినది తీసివేతలెక్క. చాలసేపు ఫొటో తీసి, ఆకాశపు సొంత వెలుగు ఎంతో కచ్చితంగా కొలిచి, దానిని తీసివేయవలె; కెమెరాలోని ప్రతి బిందువు యొక్క హెచ్చుతగ్గులను సరిచూచి తీసివేయవలె; సమీపంలోని కాంతిమంతమైన నక్షత్రం చుట్టూ వ్యాపించిన మెరుపును తీసివేయవలె. ఈ తీసివేతలన్నీ అయినపిమ్మట మిగిలినది ఏదైనా ఉంటే అది పరిశీలించదగినది. తీసివేతలో నూటికి ఒక్కపాలు పొరపాటు జరిగితే లేని గెలాక్సీ పుట్టవచ్చును, ఉన్న గెలాక్సీ గిట్టవచ్చును. మన పాఠశాలలో రెండవ తరగతిలో నేర్పే లెక్క ఇక్కడ విశ్వానికి తూకపురాయి అయినది.

1938లో హార్లో షాప్లీ మొట్టమొదట ఇటువంటి గెలాక్సీని గుర్తించినప్పుడు ఈ సౌకర్యాలేవీ లేవు. దక్షిణాఫ్రికాలోని హార్వర్డు వారి స్థావరంలో ఇరవై నాలుగంగుళాల దూరదర్శినితో తీసిన పలకమీద, వేలిముద్ర అంటుకొన్నట్లుగా పలుచని మచ్చ ఒకటి కనిపించింది. దానిని తుడిచివేయకుండా, తిరిగి తిరిగి చూచి, అది వేలాది మసకచుక్కల గుంపు అని నిర్ధారించారు. స్కల్ప్టర్ మరుగుజ్జు గెలాక్సీ అట్లా వెలుగులోకి వచ్చింది. అదే సంవత్సరం ఫోర్నాక్స్ మరుగుజ్జు కూడా దొరికింది. 1950 ప్రాంతంలో అమెరికాలోని పాలోమార్ కొండమీద నలభైయెనిమిది అంగుళాల ష్మిట్ దూరదర్శినితో తీసిన ఆకాశపు పలకలలో మరి నాలుగు బయటపడినవి. మసక గెలాక్సీల కోసం ఆ పలకలను గాలించి సిడ్నీ వాన్ డెన్ బెర్గ్ కెనడాలోను, వలెంటీనా కరచెంత్సెవా సోవియట్ దేశంలోను, ఒకరు 1959లో, ఒకరు 1968లో, జాబితాలు ప్రకటించారు. కంటితో చూచి, చేతితో గుర్తుపెట్టి చేసిన పని అది.

కనబడడం వేరు, గుర్తుపట్టడం వేరు

మచ్చ దొరికినంత మాత్రాన గెలాక్సీ దొరికినట్లు కాదు. ఉపాధ్యాయులు విద్యార్థులకు గట్టిగా చెప్పవలసిన సంగతి ఇదే. పాలపుంతలోని దుమ్ముమబ్బు ఒకటి నక్షత్రకాంతిని ప్రతిఫలించి మరుగుజ్జువలె నటించవచ్చును. కటకాల నడుమ ప్రతిబింబించిన కాంతి దయ్యంవలె ప్రత్యక్షం కావచ్చును. అన్నింటికన్నా మోసకారి దూరం. దగ్గరలోని చిన్న గెలాక్సీకి, దూరంలోని పెద్ద గెలాక్సీకి ఫొటోలో పోలిక కుదరవచ్చును. చేతికందే దూరంలోని మిణుగురు, ఊరవతలి దీపం చీకట్లో ఒకటిగానే తోచడం మనమెరిగినదే.

దీనికి చక్కని ఉదాహరణ ఒకటి ఉన్నది. అమెరికాలో పీటర్ వాన్ డొక్కుమ్, కెనడాలో రాబర్టో అబ్రహాం అనే శాస్త్రజ్ఞులు, ఆటల పోటీలను ఫొటో తీసేవారు వాడే పొడుగు కెమెరా కటకాలను ఎనిమిదింటిని ఒక గుత్తిగా కట్టి, ‘డ్రాగన్‌ఫ్లై’ అని, అనగా తూనీగ అని, పేరుపెట్టినారు. తూనీగ కన్ను అనేక చిన్నకన్నుల కూర్పు గదా! ఆ కటకాల పూతలు కాంతిని చెదరనీయవు కనుక మసకలను చూడడంలో అవి పెద్ద అద్దాలకు తీసిపోలేదు. 2014లో ఆ తూనీగ, రెండుకోట్ల పదిలక్షల కాంతిసంవత్సరాల దూరంలోని ఎం-101 చుట్టూ ఏడు మసక గెలాక్సీలను పట్టుకొన్నది. అందరూ అవి ఎం-101 పరిజనమనుకొన్నారు. అంతరిక్షంలోని హబుల్ దూరదర్శినితో పరీక్షించగా అందులో నాలుగు ఆ గుంపుకు చెందినవే కావనీ, వెనుక ఎంతో దూరంలోని మరొక గుంపువనీ 2016లో తేలింది. మూడు మాత్రమే నిలిచినవి. ఆ నాలుగింటిని పోగొట్టుకొన్నందుకు ఎవరూ సిగ్గుపడలేదు. పరీక్షించి ఒప్పుకొన్నందుననే మిగిలిన మూడింటికి విలువ వచ్చింది.

ఎం-81 గుంపులోను ఇంతే. హవాయి ద్వీపంలోని దూరదర్శినితో ఆకాశంలో 65 చదరపు డిగ్రీలు, అనగా మూడువందల పూర్ణచంద్రులు పట్టేంత మేర, గాలించి 2009లో 22 అభ్యర్థులను ప్రకటించారు. హబుల్ పరీక్ష అయిన తరువాత 2013లో 14 ఆ గుంపువేనని స్థిరపడినవి.

దూరాన్ని తేల్చే ఉపాయం సులభంగా చెప్పవచ్చును. ముసలి నక్షత్రాలు ఉబ్బి అరుణ మహాతారలవుతవి. అట్లా ఉబ్బుతూ ప్రకాశం పెంచుకొంటూ పోయి, గర్భంలోని హీలియం అంటుకొన్న క్షణంలో ఆగిపోతవి. ఆ ఆగే మెట్టు ఏ గెలాక్సీలోనైనా ఇంచుమించు ఒక్కటే, సూర్యునికి సుమారు రెండువేల రెట్లు. వీధి దీపాలన్నీ ఒకే శక్తివని తెలిసినప్పుడు, దీపం ఎంత మసకగా ఉన్నదో చూచి అది ఎంత దూరంలో ఉన్నదో చెప్పగలము గదా! అదే న్యాయం. అందుకు మచ్చను విడివిడి చుక్కలుగా చూపగల దూరదర్శిని కావలె. మచ్చ చుక్కలుగా విడిపోతే పొరుగుది. విడిపోక పలుచని పొగగానే మిగిలితే పరాయిది కావచ్చును.

వాయువు ఇంకా మిగిలియున్న మరుగుజ్జులను పట్టడానికి మరొక మార్గం కలదు. హైడ్రోజన్ వాయువు 21 సెంటీమీటర్ల రేడియో తరంగాన్ని వెలువరిస్తుంది. ఈ పనిలో మన దేశానికి పేరున్నది. పూనా నగరానికి ఉత్తరాన ఖోడద్ వద్ద 45 మీటర్ల వ్యాసంగల 30 పళ్లేల రేడియో దూరదర్శిని ఉన్నది. దానితో అయేషా బేగం, జయరామ్ చెంగలూర్, రష్యా శాస్త్రజ్ఞులైన కరచెంత్సెవ్ మొదలైనవారితో కలిసి అరవైకి పైగా మసక మరుగుజ్జులను పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించారు. అంతకు ముందే, 2005లో, ఎన్.జి.సి. 3741 అనే మరుగుజ్జులో, కంటికి కనబడే భాగానికి ఎనిమిది రెట్ల దూరం వరకు వాయువు చక్రంవలె తిరుగుతున్నదని చూపారు. రేడియో పళ్లేలకు పట్టపగలైనా, వీధిదీపాలున్నా బాధ లేదు. కాని సెల్‌ఫోన్ తరంగాలు వాటికి వీధిదీపాలవంటివి.

ఉస్మానియా చెప్పిన సిద్ధాంతం

హైదరాబాదుకు ఈ కథలో వాటా ఉన్నదా అన్నాము. ఉన్నది. సికింద్రాబాదులో 1931లో జన్మించిన సాలెహ్ మహమ్మద్ అల్లాదీన్ చికాగో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి 1963లో డాక్టరేటు పొంది, ఉస్మానియాలో ఆచార్యుడైనారు. ఆ మరుసటి సంవత్సరమే ఉస్మానియాలో ఖగోళశాస్త్ర ఉన్నత అధ్యయన కేంద్రం ఏర్పడింది. 1965లో ఆయన ప్రకటించిన వ్యాసం గెలాక్సీలు ఢీకొన్నప్పుడు ఏమవుతుందనే దానిని గణితంతో విచారించింది. రెండు గెలాక్సీలు ఢీకొన్నప్పటికీ వాటిలోని నక్షత్రాలు ఒకదానినొకటి తాకడం ఇంచుమించు ఉండదు. నడుమ అంత ఖాళీ ఉన్నది. కాని ఒకదాని ఆకర్షణ రెండవదానిలోని నక్షత్రాలను కుదిపి వాటి గమనశక్తిని పెంచుతుంది. ఆ శక్తి గెలాక్సీల ప్రయాణంనుండే రావలె కనుక, అవి నెమ్మదిస్తవి. తగినంత నెమ్మదిస్తే తప్పించుకోలేక కలిసిపోతవి. ఒకటి చాల చిన్నదైతే దాని నక్షత్రాలు ఊడిపోతవి. గణకయంత్రాలు అరుదైన ఆ రోజులలో ఈ ప్రశ్నను కాగితంమీద నడిపించడం సామాన్యమైన పని కాదు. ఆయన, ఆయన శిష్యులు ఆ విషయాన్ని దశాబ్దాలపాటు వృద్ధిచేశారు. 1982లో నరసింహన్‌తో కలిసి రాసిన సమీక్షావ్యాసం పరిశోధకులకు కరదీపిక అయినది.

మరుగుజ్జుల జీవితమంతా ఈ న్యాయం మీదనే నడుస్తున్నది. 1994లో ధనూరాశి దిక్కున పాలపుంత కేంద్రానికి అవతల ఒక మరుగుజ్జు బయటపడింది. దానిని మన పాలపుంత చీల్చి చెండాడుతున్నది. ఊడిన నక్షత్రాలు ఆకాశమంతటా పారే యేరువలె చుట్టుకొనియున్నవి. పొరుగు గుంపులలో కనబడే మసక మచ్చ పుట్టుకతోనే చిన్నదా, లేక పెద్దవాని చేతిలో చిక్కి శల్యమైనదా అని అడిగేవారందరూ, తెలిసినా తెలియకపోయినా, అల్లాదీన్ అడిగిన ప్రశ్ననే అడుగుతున్నారు.

చూడడానికి కూడా ఉస్మానియావారు స్థలం వెదకుకొన్నారు. బేగంపేట చుట్టూ ఊరు పెరిగి, విమానాశ్రయపు దీపాలు వచ్చి, రాత్రి పాడైనందున, నగరానికి యాభై అరవై కిలోమీటర్ల దూరాన జాపాల్, రంగాపూర్ గ్రామాల నడుమ 1968 ప్రాంతంలో నలభైయెనిమిది అంగుళాల దూరదర్శినిని నిలిపినారు. 1980 ఫిబ్రవరి 16వ తేదీనాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి శాస్త్రజ్ఞులు అక్కడ చేరినారు. చీకటికోసం ఒకసారి ఊరు విడిచిన వేధశాలను మళ్లీ వెలుగు వెంటాడుతూ వచ్చింది. నగరం పెరిగేకొద్దీ చీకటి వెనుకకు జరుగుతున్నది.

అయిదంగుళాల కన్ను

ఇంత విన్నతరువాత, కోట్ల రూపాయల యంత్రాలున్నవారికే ఇది సాధ్యమని విద్యార్థి నిరుత్సాహపడవచ్చును. అతనికి ఇటలీ దేశపు జుసెప్పే దొనాతియెల్లో కథ చెప్పవలె. ఆయన వృత్తిరీత్యా ఖగోళజ్ఞుడు కాడు. అభిరుచితో ఆకాశాన్ని ఫొటో తీసేవాడు. దక్షిణ ఇటలీ కొండలలో అయిదంగుళాల దూరదర్శినితో దేవయాని ప్రాంతాన్ని తీసిన పాత చిత్రాలను 2016లో తిరిగి పరిశీలిస్తూ, ఒక పలుచని మచ్చను గమనించాడు. మన నిజామియా ఫొటో దూరదర్శిని ఎనిమిదంగుళాలదని పాఠకులకు జ్ఞాపకముండే ఉంటుంది! ఆయన ఆ మచ్చను పెద్ద దూరదర్శినులున్నవారికి తెలిపాడు. వారు చూచి, అది సుమారు కోటి కాంతిసంవత్సరాల దూరంలోని మరుగుజ్జు గెలాక్సీయేనని 2018లో ప్రకటించారు. దానికి ఆయన పేరే పెట్టినారు.

తరువాత ఆయన చేసిన పని మన సైబరాబాదుకు మరీ దగ్గరిది. చిలీలోని పెద్ద దూరదర్శినితో తీసి, అందరికీ ఉచితంగా విడిచిపెట్టిన సర్వే చిత్రాలను ఇంట్లో కంప్యూటరు తెరమీద చూస్తూ, ఎన్.జి.సి. 253 చుట్టూ మరి మూడు మరుగుజ్జులను 2021లో బయటపెట్టాడు. వాటిలో రెండవ దొనాతియెల్లో అనే దానిని, అవే చిత్రాలను గాలించిన కంప్యూటరు ప్రోగ్రాములు వదలివేసినవి! మనిషి కన్ను పట్టుకొన్నది. తరువాత హబుల్ దూరదర్శిని దానిని చుక్కలుగా విడదీసి చూపించి నిజం చేసింది.

ఇందులో యంత్రం ఓడి మనిషి గెలిచాడని చప్పట్లు కొట్టడానికి లేదు. చిలీలోనే సెర్రో పచోన్ శిఖరం మీద నెలకొన్న వెరా రూబిన్ వేధశాల తన మొదటి చిత్రాలను 2025 జూన్‌లో విడుదల చేసింది. ఎనిమిది మీటర్లకు మించిన అద్దం, మూడువందల ఇరవై కోట్ల బిందువుల కెమెరా దానివి. పదేండ్లపాటు దక్షిణాకాశాన్ని మరలమరల తీయడానికే దానిని కట్టినారు. ఆ చిత్రాలరాశిని ఏ ఒక్క మనిషీ జీవితకాలంలో చూచి ముగించలేడు. యంత్రం జల్లెడ పట్టవలె, మనిషి ఏరవలె. జల్లెడ కన్నం ఎంత ఉండవలెనో చెప్పే విద్య మాదాపూర్, గచ్చిబౌలి మేడలలో పనిచేసేవారికి కొట్టినపిండి. లక్షల బొమ్మలలోనుండి ఒక ముఖాన్ని, ఒక మరకను, ఒక తేడాను వేరుచేయడం వారి నిత్యకృత్యం. బేగంపేటలో కొలతకొలిచిన గుమాస్తాకు, హైటెక్ సిటీలో తెరముందు కూర్చొన్న యువతికి నడుమ నూరేండ్లున్నవి. కాని పని స్వభావం ఒక్కటే. ఎదుటనున్నదానిని ఓపికగా చూచి, తనకు తోచినదానికి లొంగక, ఉన్నదున్నట్లు వ్రాయడం.

ఉపాధ్యాయులకు రెండు మాటలు

ఈ విషయాన్ని తరగతిగదిలో బోధించడానికి దూరదర్శిని అక్కరలేదు. మార్గశిర, పుష్య మాసాలలో ఒక నిర్మలమైన రాత్రి మృగవ్యాధుని నాలుగు మూలల నక్షత్రాల నడుమ ఎన్ని చుక్కలు కనబడుతున్నవో విద్యార్థులచేత లెక్కపెట్టించండి. హైటెక్ సిటీ మేడమీద ఒకరు, పల్లెలో తాతగారింటి ముంగిట ఒకరు లెక్కించి, తేదీ, వేళ, స్థలం వ్రాసి పోల్చుకొంటే, మాయమైనది ఎంతో వారికే తెలుస్తుంది. చీకటి ఊళ్లో ఉన్నవానికి దేవయాని గెలాక్సీని కూడా చూపండి. దూదిపింజవంటి ఆ మసకనుండి బయలుదేరిన కాంతి ఇరవై అయిదు లక్షల ఏండ్లు ప్రయాణించింది. మాదాపూర్ రాతిగుట్టల వయస్సు సుమారు రెండువందల యాభై కోట్ల ఏండ్లు కనుక, ఆ రాయికి అది నిన్నమొన్నటి వెలుగే. ఇక తెరమీద వెదకదలచిన విద్యార్థికి సర్వే చిత్రాలు ఉచితంగా దొరుకుతున్నవి. మచ్చను చూచినవెంటనే కేక వేయవద్దనీ, అది ఏమి కాకపోవచ్చునో మొదట జాబితా వ్రాసుకొమ్మనీ చెప్పండి. దుమ్మా, ప్రతిబింబమా, దూరపు గెలాక్సీయా అని ఒక్కొక్కటిగా కొట్టివేయడం నేర్చినవాడు, గెలాక్సీ దొరకకపోయినా శాస్త్రాన్ని నేర్చినవాడే.

చీకటిని గురించి కూడా ఒక మాట. దీపం నేలకు వెలుగివ్వవలెగాని ఆకాశానికి కాదు. దీపంమీద టోపీ పెట్టి కాంతిని క్రిందికి తిప్పితే దారి బాగా కనబడుతుంది, విద్యుత్తు మిగులుతుంది, చుక్కలు మిగులుతవి. లడఖ్‌లోని హాన్లే ప్రాంతాన్ని 2022లో చీకటి ఆకాశపు రక్షితప్రాంతంగా ప్రకటించారు. మహానగరంలో అంత చీకటి కోరడం అత్యాశ. కాని రంగాపూర్ వంటి చోట్ల మిగిలిన చీకటిని చెరువునూ, అడవినీ కాపాడుకొన్నట్లు కాపాడుకోవడం మన చేతిలో పని. ఒకసారి పోయిన చెరువు తిరిగి రాదు; చీకటి మాత్రం దీపం మలుపుతోనే తిరిగివస్తుంది.

నిజామియావారి పన్నెండు సంపుటాలు ఏమైనవని అడుగుతారేమో. ఆ పద్దెనిమిది వేధశాలల కొలతలు చాలకాలం గ్రంథాలయాలలో దుమ్ముపట్టి ఉన్నవి. హిప్పార్కస్ అనే ఉపగ్రహం ఆకాశాన్ని కొలిచిన పిమ్మట, 2000వ సంవత్సరంలో, ఆ కొత్త కొలతలను నూరేండ్లనాటి పాత కొలతలతో పోల్చి, 25 లక్షల నక్షత్రాలు ఎటు కదులుతున్నవో తేల్చిన జాబితా ఒకటి వెలువడింది. పాత స్థానం లేకపోతే కదలిక ఎట్లా తెలియును? అందులో బేగంపేట పట్టీ కూడా ఉన్నది. ఆ కొలతలు కొలిచినవారిలో చాలమంది ఆ రోజును చూడలేదు. నేటి పొరుగు గుంపులలోని మసక మచ్చలను వ్రాసిపెట్టేవారు కూడా, తమ వ్రాత ఎవరికి, ఏ నూరేండ్లకు అక్కరకు వచ్చునో ఎరుగరు. సరిగా వ్రాయడమొక్కటే వారి చేతిలో ఉన్నది.